బ్యాండు సూడనీకె పైసలెందుకే?

పోయిన దసరా సెలవులకు ముందు మా పెద్దమ్మాయి హైదరాబాద్ హాస్టల్ నుంచి ఫోన్ చేసింది. "అమ్మా, ఒక మాట చెప్తా, కోప్పడొద్దు" అంది. పిల్లలు ఇట్లా మొదలుపెట్టారంటే అది మార్కుల సంగతన్నా అయి ఉంటుంది, డబ్బుల సంగతన్నా అయి ఉంటుంది. ఈసారి డబ్బులే. తనకు ఇష్టమైన బ్యాండు వాళ్ల కాన్సర్ట్ ఉందట. టికెట్ 3,999 రూపాయలు. దాని మీద బుకింగ్ చార్జీలు మూడు వందలు. నలుగురు స్నేహితురాళ్లు కలిసి క్యాబ్‌లో పోయి వస్తే తల వంతుకు ఐదు వందలు. అక్కడ అందరూ వేసుకునే బ్యాండు టీషర్టు 1,799. నేను గ్యాస్ బుక్ చేసుకునే క్యాలెండర్ వెనకాల లెక్క వేస్తే ఆరున్నర వేలు దాటింది.

మా అమ్మ అప్పుడు మా ఇంట్లోనే ఉంది. గడప దగ్గర కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. "ఏందట?" అని అడిగింది. "బ్యాండు చూడడానికి పోతదట, నాలుగు వేలట" అన్నాను. అమ్మ చెయ్యి ఆపి నా ముఖం చూసింది. "బ్యాండు సూడనీకె పైసలెందుకే? పెండ్లిల మనమే గదా వాళ్లకిచ్చేది!" అంది.

అమ్మకు బ్యాండు అంటే ఎర్ర కోటు వేసుకుని బాకాలు ఊదే పెండ్లి బ్యాండు. నేను నవ్వాను గానీ, ఆ మాట నన్ను రెండు రోజులు వదల్లేదు. నిజమే కదా. పాట మన దగ్గరికి వచ్చేది, మనం ఇచ్చేవాళ్లం. ఇప్పుడు పాట దగ్గరికి మనం పోతున్నాం, గేటు దగ్గర ముందే కడుతున్నాం. ఈ మార్పు ఎట్లా వచ్చింది? ఇంత ధర ఎందుకైంది? నేను చదివింది బీఏ తెలుగు. లెక్కల మనిషిని కాను. అయినా నాకు తెలిసినంత వరకు ఒక్కొక్కటే పేర్చి చూసుకున్నాను.

ఇంటికింత అని

మాది బోయినపల్లి. ఇటు వేములవాడ, అటు కరీంనగర్, ఇంకోపక్క సిరిసిల్ల. మా వైపు పుట్టిన వాళ్లకు పాట అంటే మొదట గుర్తుకొచ్చేది ఒగ్గు కథ. ఒగ్గు అంటే శివుడి డమరుకం. మల్లన్న కథ, బీరప్ప కథ, ఎల్లమ్మ కథ డోలు దెబ్బ మీద రాత్రంతా చెప్తారు. వేములవాడ పక్కనే ఉన్న హనుమాజీపేట మిద్దె రాములు గారి ఊరు. ఒగ్గు కథకు ఆయన పెట్టింది పేరు. మన సినారె పుట్టింది కూడా ఆ ఊళ్లోనే. ఒకే ఊరి మట్టిలోంచి ఒగ్గు కథ చెప్పే నోరూ, జ్ఞానపీఠం అందుకున్న కలమూ వచ్చాయని మా తెలుగు మేడమ్ క్లాసులో చెప్తుంటే మేం గర్వంగా ఒకరి ముఖం ఒకరం చూసుకునేవాళ్లం.

ఒగ్గు కథకు టికెట్ లేదు. ఎవరి ఇంట్లో మల్లన్న పట్నం వేయిస్తే ఆ ఇంటివాళ్లే కథకులకు బియ్యం, బట్టలు, కట్నం ఇచ్చుకునేవాళ్లు. వినడానికి ఊరంతా వచ్చేది. మధ్యలో ఎవరికి మనసైతే వాళ్లు లేచి రూపాయో రెండు రూపాయలో చదివించేవాళ్లు. కథకుడు ఆ పేరు చెప్పి దీవించేవాడు. మా అమ్మమ్మ ఒకసారి చెంగుకు కట్టుకున్న ఎనిమిదణాలు విప్పి ఇస్తే, ఆమె పేరు డోలు మీద మోగిందని చచ్చేదాకా చెప్పుకుంది.

పద్మశాలీలకు కూనపులి వాళ్లుంటారు. బొమ్మలు గీసిన పొడుగాటి పటం విప్పుకుంటూ మార్కండేయుడి కథ, భావనారుషి కథ చెప్తారు. ఏ ఊళ్లు ఏ కుటుంబానివి అన్నది తాత తండ్రుల నాడే పంచుకుని ఉంటుంది. వాళ్లు వచ్చినప్పుడు ఇంటికింత అని ఇవ్వాలి. పెద్ద ఇల్లు ఎక్కువ ఇస్తుంది, చిన్న ఇల్లు తక్కువ ఇస్తుంది. విన్నా వినకపోయినా ఇవ్వాల్సిందే. ఇవ్వలేని ఇంటి పిల్లలు కూడా ముందు వరుసలో కూర్చుని వినొచ్చు.

ఇది చెప్తుంటే అదేదో స్వర్ణయుగంలా అనిపిస్తుంది గానీ అట్లా అనుకోవద్దు. ఇచ్చేవాడి మనసు మీద ఆధారపడిన బతుకు అది. పంట పోయిన ఏడు కథకుడి ఇంట్లో కూడా పొయ్యి వెలిగేది కాదు. దొర గడి ముందు పాడినవాడు నాకింత కావాలని నోరు తెరిచి అడగలేడు. ఇక ఎవరెక్కడ కూర్చోవాలి అన్నది కులం చెప్పేది. ఆడవాళ్లం ఎప్పుడూ వెనకాలే, గోడ పక్కన, ఒడిలో పిల్లను పెట్టుకుని.

పాటకు ధర కట్టిన రోజులు

టికెట్ అన్న మాట మన తెలుగు వాళ్లకు నాటకాలతో బాగా అలవాటైంది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు గారు మొదలుపెట్టిన నాటక సమాజం ఊరూరా డేరా వేసి ఆడింది. మగవాళ్లే ఆడవేషం కట్టే కాలంలో ఆ కుటుంబంలోని ఆడవాళ్లు స్టేజీ ఎక్కి ఆడ పాత్రలు వేశారు. ఆ డేరాల్లోనూ తర్వాత టూరింగ్ టాకీసుల్లోనూ నేల, బెంచి, కుర్చీ అని తరగతులు వచ్చాయి. ఒక రకంగా అది మంచిదే. పైసలు పెట్టినవాడు కుర్చీలో కూర్చుంటాడు, నీదే కులం అని గేటు దగ్గర అడగరు. కానీ పైసలు లేనివాడు డేరా బయట నిలబడి పద్యం వినడం కూడా అప్పుడే మొదలైంది.

ఇంకో పెద్ద మార్పు కలకత్తాలో జరిగింది. 1902 నవంబరులో గ్రామఫోన్ కంపెనీ వాళ్లు విదేశాల నుంచి వచ్చి గౌహర్ జాన్ అనే గాయని పాటలు రికార్డు చేశారు. మన దేశంలో రికార్డుకెక్కిన తొలి గొంతుల్లో ఆమెది ఒకటి. పాట చివర ఆమె తన పేరు తానే చెప్పేది. రికార్డు తయారుచేసే పరదేశీయులకు ఇది ఎవరి గొంతో తెలియాలి కదా. మూడు వేల రూపాయలు అడిగి తీసుకుందని చెప్పుకుంటారు. ఆ రోజుల్లో మూడు వేలంటే ఎంతో మీరే ఊహించుకోండి. ఒక ఆడమనిషి, అందులోనూ పాటే వృత్తిగా బతికిన ఆమె, నా పాట ధర ఇంత అని చెప్పింది. ఆస్ట్రియాలో తయారై మన దేశానికి వచ్చిన అగ్గిపెట్టెల మీద ఆమె బొమ్మ అచ్చు వేశారు. పోస్టుకార్డుల మీద కూడా. ఇప్పుడు పిల్లలు మర్చండైజ్ అంటున్నారే, అది మన దేశంలో అప్పుడే ఉంది. పొయ్యి వెలిగించే అగ్గిపెట్టె మీద గాయని బొమ్మ!

పాటకు ధర కట్టకుండా, తన ఒంటి మీద ఉన్నది ధార పోసిన ఆడమనిషి కూడా మనకుంది. బెంగుళూరు నాగరత్నమ్మ. ముద్దుపళని రాసిన రాధికా సాంత్వనాన్ని 1910లో మళ్లీ అచ్చు వేయించిందని మాకు బీఏలో చెప్పిన పేరు ఈమెదే. 1920ల్లో తిరువయ్యారులో త్యాగరాజ స్వామి సమాధి పాడుబడి ఉంటే, తన నగలు అమ్మి అక్కడ గుడి కట్టించింది. ఇప్పటికీ ఆ ఆరాధనకు టికెట్ లేదు, పాడే పెద్ద విద్వాంసులకు పారితోషికం లేదు. అందరూ ఇసుకలోనో చాపల మీదో కూర్చుని తెలుగు కీర్తనలు పాడతారు. ఉచితంగా దొరికే పాట వెనకాల కూడా ఎవరిదో ఒకరి బంగారం ఉంటుందని ఆమె సంగతి చదివినప్పుడల్లా అనిపిస్తుంది.

మన అమ్మల కాలంలో ఇంకో సరుకు ఉండేది, సినిమా పాటల పుస్తకం. హాలు బయట అణాలకు అమ్మేవాళ్లు. పైన హీరోయిన్ బొమ్మ, లోపల కథ సగం చెప్పి మిగతాది తెరమీద చూడమని రాసేవాళ్లు, వెనక పేజీల్లో పాటలు. మా మేనత్త దగ్గర ఒక డబ్బా నిండా ఉండేవి. చదువు మానేసిన ఆమె అక్షరాలు మరిచిపోకుండా ఉన్నది ఆ పుస్తకాల వల్లనే. పాట కొనుక్కోలేని వాళ్లకు పాట జ్ఞాపకం కొనుక్కునే వీలు అది.

రేడియో, క్యాసెట్టు

1957లో వివిధ భారతి వచ్చింది. ఎనభైల దాకా ఇంట్లో రేడియో ఉంటే దానికి లైసెన్సు కట్టాలని ఇప్పటి పిల్లలకు చెప్తే నమ్మరు. పోస్టాఫీసులో కట్టి పుస్తకంలో స్టాంపు వేయించుకునేవాళ్లు. మా వాడకట్టులో ఒక్క ఇంట్లోనే రేడియో. ఆ ఒక్క లైసెన్సు మీద పదిహేను ఇండ్ల ఆడవాళ్లు జనరంజని వినేవాళ్లు, బీడీలు చుట్టుకుంటూ.

అవును, బీడీలు. మా వైపు ఆడవాళ్ల చేతి పని అది. మా అమ్మ ముప్పై ఏండ్లు చుట్టింది. చాట ఒళ్లో పెట్టుకుని, తునికాకు కత్తిరించి, తంబాకు పోసి చుట్టి దారం కట్టడం. పొద్దుటి నుంచి రాత్రి దాకా కూర్చుంటే వెయ్యి. పాట లేకుండా ఆ పని చేయడం కష్టం అనేది అమ్మ. రేడియో పాటకు చెయ్యి నడుస్తుందట.

తొంభైల్లో మా ఇంటికి టేప్‌రికార్డర్ వచ్చింది. కంపెనీ క్యాసెట్టు కొనాలంటే ముప్పై రూపాయల దాకా. అందుకని కరీంనగర్‌లో రికార్డింగ్ షాపుకు పోయి, ఖాళీ క్యాసెట్టు కొని, మనకు కావలసిన పాటలు తెల్లకాగితం మీద రాసిస్తే వారం తర్వాత నింపి ఇచ్చేవాళ్లు. ఏ సైడు ఆరు పాటలు, బీ సైడు ఆరు పాటలు. అది తప్పని, పాట చేసినవాళ్లకు అందులో ఒక్క పైసా పోదని మాకెవరికీ తెలియదు.

నేను డిగ్రీలో ఉండగా కరీంనగర్‌కు ఒక పెద్ద గాయకుడి కార్యక్రమం వచ్చింది. టికెట్ యాభై రూపాయలు. మా క్లాసు నుంచి ఆరుగురం పోదామనుకున్నాం. అప్పుడు వెయ్యి బీడీలకు నలభై రూపాయల లోపే వచ్చేది. అమ్మ ఏమీ అనకుండా డబ్బాలోంచి యాభై తీసి ఇచ్చింది. బాపు మాత్రం వద్దన్నాడు. "రాత్రిపూట ఆడపిల్ల, గుంపుల" అన్నాడు. అంతే. ఆ యాభై తిరిగి డబ్బాలోకి పోయింది. ఆ రాత్రి నేను ఎంత ఏడ్చానో అమ్మకు తెలుసు. తర్వాత ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు, ఆమె కూడా ఎత్తలేదు.

నేను మొదటిసారి రాత్రిపూట గుంపులో నిలబడి పాట విన్నది తెలంగాణ ఉద్యమంలో. 2002లో కామారెడ్డిలో మొదలైన ధూంధాం ఊరూరా పాకింది. కాలికి గజ్జెలు, భుజాన గొంగడి, లారీ మీద మైకు. టికెట్ లేదు. అప్పటికి నాకు పెళ్లయింది, చంకలో ఈ పిల్లే ఉంది. మా అత్తమ్మ కూడా వచ్చింది. ఉద్యమం కాబట్టి ఆడవాళ్లు ఎందుకొచ్చారని ఎవరూ అడగలేదు.

పాట చవక, పాటగాడు ప్రియం

ఇక అసలు ప్రశ్న. ఇప్పుడు కాన్సర్ట్‌కు ఇంత ధర ఎందుకు?

మొదటి కారణం మా మరిది సాంచాల దగ్గర నాకు బాగా అర్థమైంది. ఆయన సిరిసిల్లలో మరమగ్గాలు నడిపిస్తాడు. మేం వాటిని సాంచాలు అంటాం. వాళ్ల తాత చేతి మగ్గం మీద రోజంతా కూర్చుంటే కొద్ది మీటర్లే వచ్చేది. ఇప్పుడు ఒక్క మనిషి ఏడెనిమిది సాంచాలు చూసుకుంటాడు. గుడ్డ నేసే పని అంత వేగం పెరిగింది కాబట్టి గుడ్డ చవకైంది. మరి పాట? నాలుగు నిమిషాల పాటను తాత కాలంలో నాలుగు నిమిషాలే పాడారు, ఇప్పుడూ నాలుగు నిమిషాలే పాడాలి. ఒగ్గు కథ ఒక రాత్రి పడితే ఇప్పుడూ ఒక రాత్రే. కానీ డోలు కొట్టే మనిషికి కూడా ఇప్పటి బియ్యం ధరే, ఇప్పటి స్కూలు ఫీజే. పని వేగం పెరగదు, కూలి మాత్రం మిగతా వాళ్లతో పాటు పెరగాలి. అందుకే మనుషులు ఎదురుగా నిలబడి చేసే కళ ఎప్పటికప్పుడు ప్రియమవుతుందని అమెరికాలో బౌమోల్, బోవెన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 1966లోనే పుస్తకం రాశారు. వాళ్లు చెప్పింది నాకు సాంచాల చప్పుడులో తెలిసింది.

రెండో కారణం మన చేతిలోని ఫోన్. క్యాసెట్టు పోయి సీడీ వచ్చింది, 1999లో నాప్‌స్టర్ వచ్చాక పాటలు ఇంటర్నెట్‌లో ఉచితంగా పంచుకోవడం మొదలైంది. డేవిడ్ బోవీ అనే ఇంగ్లండు గాయకుడు 2002లోనే చెప్పాడు, ఇక ముందు పాట కుళాయి నీళ్లలా అయిపోతుంది, పాడేవాళ్లు ఊరూరా తిరిగి కచేరీలు చేసుకోవాల్సిందే అని. అట్లాగే అయింది. రికార్డు అమ్మితే వచ్చే డబ్బు తగ్గింది కాబట్టి ఆ లోటు టికెట్ మీద వేశారు. అలన్ క్రూగర్ అనే ఆర్థికవేత్త లెక్క తీస్తే, అమెరికాలో 1996 నుంచి 2003 వరకు మిగతా ధరలు 17 శాతం పెరిగితే కాన్సర్ట్ టికెట్ 82 శాతం పెరిగింది. మనం యూట్యూబ్‌లో పైసా కట్టకుండా వింటున్న పాట డబ్బును కాన్సర్ట్‌కు పోయే పిల్లలు కడుతున్నారన్న మాట. ఆ మాట మా అమ్మాయితో అంటే, "అయితే నువ్వే నాకు బాకీ" అంది.

మూడో కారణం మధ్యవాళ్లు. అమెరికాలో కచేరీలు ఏర్పాటు చేసే పెద్ద కంపెనీ లైవ్ నేషన్, టికెట్లు అమ్మే టికెట్‌మాస్టర్ 2010లో ఒక్కటయ్యాయి. పోటీ లేకుండా చేశారని 2024 మేలో అక్కడి ప్రభుత్వమే కేసు వేసింది. టేలర్ స్విఫ్ట్ అనే గాయని 2023, 24లో చేసిన 149 కచేరీల టికెట్లు 200 కోట్ల డాలర్ల పైన అమ్ముడుపోయాయి. మన దేశంలోనూ చూశాం. 2025 జనవరిలో కోల్డ్‌ప్లే అనే ఇంగ్లండు బ్యాండు ముంబైకి వస్తుందంటే, 2024 సెప్టెంబరులో టికెట్ల కోసం ఆన్‌లైన్‌లో కోటి ముప్పై లక్షల మంది వరుస కట్టారు. టికెట్ 2,500 నుంచి 35,000 దాకా. దొరకని వాళ్ల ముందు అదే టికెట్ లక్షల్లో పెట్టారు బ్లాకు వాళ్లు. మనం చిరంజీవి సినిమాకు హాలు దగ్గర చూసిన బ్లాకే. అప్పుడు చొక్కా జేబులో ఉండేది, ఇప్పుడు వెబ్‌సైట్‌లో ఉంది. ఇక టికెట్ ఐదు వందలు దాటితే 18 శాతం జీఎస్టీ.

ఇంత కట్టాక లోపలికి పోతామన్న నమ్మకం కూడా ఒక్కోసారి ఉండదు. 2023 సెప్టెంబరు 10న చెన్నైలో ఏ.ఆర్. రెహమాన్ కచేరీకి టికెట్ కొన్న చాలామంది లోపలికి అడుగు పెట్టలేక వెనక్కి వచ్చారు. తోపులాటలో ఆడవాళ్లు పడిన ఇబ్బంది పేపర్లలో చదివాం. టికెట్ కాపీలు పంపమని రెహమాన్ గారే అడిగి, తర్వాత డబ్బులు తిరిగి ఇచ్చారు. ఆ వార్త చదివినప్పుడు నాకు బాపు గుర్తొచ్చాడు. గుంపుల ఆడపిల్ల అని ఆయన అన్నది పూర్తిగా తప్పు కాదేమో. కానీ దానికి మందు పిల్లను ఇంట్లో కూర్చోబెట్టడం కాదు, గేట్లు సరిగ్గా పెట్టడం.

అంగీ మీద బొమ్మ

టీషర్టు సంగతికి వద్దాం. 1956లో అమెరికాలో ఎల్విస్ ప్రెస్లీ పేరు మీద రుమాళ్లు, బొమ్మలు, లిప్‌స్టిక్‌లు కూడా అమ్మారు. అమ్మాయిలే కొన్నారు. తర్వాత బీటిల్స్ వచ్చారు. వాళ్ల మేనేజర్‌కు ఈ వ్యాపారం తెలియక, వాళ్ల పేరుతో సరుకు అమ్ముకునే హక్కును ఒక కంపెనీకి రాసిచ్చాడు. వచ్చిన దాంట్లో 90 శాతం కంపెనీకి, 10 శాతం బీటిల్స్‌కు! విగ్గులు, బొమ్మలు లక్షల్లో అమ్ముడుపోయాక గానీ ఎంత పోగొట్టుకున్నారో తెలియలేదు. ఆ దెబ్బ చూసిన తర్వాతి వాళ్లు జాగ్రత్తపడ్డారు. ఇప్పుడు చాలా బ్యాండ్లకు టికెట్ డబ్బులు హాలుకీ లైట్లకీ మనుషులకీ పోగా, టీషర్టు మీద వచ్చేదే చేతికి మిగిలేది. అందుకే దాని ధర కూడా ఎక్కింది.

మా చిన్నమ్మాయి కొరియా పాటల పిచ్చిది. బీటీఎస్ అంటే ప్రాణం. వాళ్ల ఆల్బమ్ కొంటే లోపల ఒక ఫోటో కార్డు ఉంటుంది, ఎవరి ఫోటో వస్తుందో ముందు తెలియదు. కావలసిన అబ్బాయి రాకపోతే ఇంకోటి కొనాలనిపిస్తుంది. మన చిన్నప్పుడు బబుల్‌గమ్‌లో బొమ్మ కోసం కొన్నట్టే. తేడా ఏమిటంటే అది అర్ధ రూపాయి, ఇది వేలల్లో. పాట కోసం ఆల్బమ్ కొనడం పోయి ఫోటో కోసం ఆల్బమ్ కొనడం వచ్చింది. పాట ఎలాగూ ఫోన్‌లో ఉంది కదా!

పెద్దదాని టీషర్టు ఫోటో మా మరిదికి చూపించాను. "ఇది మన సాంచా మీద రాదు వదినా, అల్లిక గుడ్డ. తిరుప్పూరులో అల్లుతరు. కుట్టి, అచ్చేసి ఇచ్చినా రెండు మూడు వందలు దాటదు" అన్నాడు. కాసేపాగి, "మేం నేసిన గుడ్డ మీద ఎవ్వరి పేరూ ఉండదు. అందుకే మీటరుకు పైసలల్ల లెక్క" అని నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు గానీ మాట నిజం. పదిహేను వందల తేడా గుడ్డది కాదు, పేరుది. నకిలీది బజార్లో మూడు వందలకు దొరుకుతుందని అమ్మాయికి చెప్పాను. వద్దంది. "నకిలీది కొంటే వాళ్లకేం పోదు కదమ్మా. అంతకంటే అసలు కొనకపోవడమే నయం" అంది. రికార్డింగ్ షాపులో పాటలు నింపించుకున్న నేను ఏం జవాబు చెప్పను?

బీడీల లెక్క

రాత్రి అన్నాలయ్యాక అమ్మ, మా ఆయన, నేను కూర్చున్నాం. మా ఆయనకు మోటార్ వైండింగ్ షాపు. ఎండాకాలం తప్ప పెద్దగా గిరాకీ ఉండదు. "అంత పెట్టి పాట వినాల్నా?" అన్నాడు. కోపంగా కాదు, నిజంగానే అర్థం కాక అడిగాడు. పోయినేడు మా బావగారి కొడుకు పెండ్లి బరాత్‌లో డీజేకు ఎంత పోశారో గుర్తుచేశాను. మాట్లాడలేదు.

అమ్మ తన లెక్క తాను వేసింది. "మా ఊళ్లె ఇప్పుడు వెయ్యి బీడీలకు రెండొందల యాభై దాకా ఇస్తున్నరు. నాలుగు వేలంటే పదహారు రోజులు" అంది. నేనూ వేసుకున్నాను. ఆ రోజు నేను పోలేకపోయిన కార్యక్రమం టికెట్, అమ్మకు రోజున్నర బీడీలు. మనవరాలి టికెట్ పదహారు రోజుల బీడీలు. ఒకే చేతి పనితో కొలిస్తే పాతికేండ్లలో పాట అంత దూరం పోయింది. రెండూ ఒక రకం కచేరీలు కావని తెలుసు. అక్కడ ట్యూబ్‌లైట్లు, ఇక్కడ తాటిచెట్టంత తెరలు. అయినా చుట్టే చెయ్యి అదే కదా.

"అయితే వద్దందామా?" అన్నాను.

అమ్మ లేచి తన సంచి తెచ్చుకుంది. ఆమెకు బీడీ కార్మికుల పింఛను వస్తుంది, నెలకు 2,016. నాలుగు ఐదు వందల నోట్లు తీసి నా చేతిలో పెట్టింది. "పట్నం ఏసినప్పుడు ఇంటికింత ఇయ్యలేదా? ఇది నా వంతు. అప్పుడు నిన్ను పంపలే" అంది.

పాతికేండ్లుగా మేమిద్దరం ఎత్తని మాట అది. మా ఆయనకు ఆ కథ తెలియదు. నోట్లు పట్టుకుని నేను వంటింట్లోకి పోయాను.

చివరికి ఇట్లా తేల్చుకున్నాం. టికెట్, క్యాబ్ కలిపి 4,800. అమ్మ రెండు వేలు, అమ్మాయి దాచుకున్న వెయ్యి, నా చిట్టీలోంచి పద్దెనిమిది వందలు. టీషర్టు మాత్రం లేదు. అమ్మాయి కాసేపు మూతి ముడిచి, అమ్మమ్మ పింఛను సంగతి తెలిశాక ఊరుకుంది.

ఆ రాత్రి పన్నెండు నలభైకి "హాస్టల్‌కు వచ్చేశాం" అని మెసేజ్ వచ్చే దాకా నాకు కునుకు లేదు. లోపలికి నీళ్ల సీసా తీసుకుపోనివ్వలేదట, లోపల కొనుక్కుంటే వంద రూపాయలట. మూడు గంటలు నిలబడితే కాళ్లు పడిపోయాయట. గొంతు పోయింది, ఫోన్‌లో గరగరమంటూ నవ్వుతోంది. అంత సంతోషంగా మాట్లాడగా నేను వినలేదు.

తెల్లవారి వీడియో పంపింది. అమ్మకు చూపించాను. కండ్లద్దాలు పెట్టుకుని ఫోన్ దగ్గరికి పెట్టుకుని చూసింది. పాట ఆమెకు ఏమీ అర్థం కాలేదు. స్టేజీ ముందు చేతులెత్తి ఎగురుతున్న పిల్లలను చూసి అడిగింది, "అగో, ఆడివిల్లలు గంత ముందట నిలవడ్డరా?"

"ఆ, ముందటనే" అన్నాను.

"మల్లొకసారి పెట్టు" అంది.

మూడుసార్లు చూసింది. నేను చిట్టీకి ఈ నెల పద్దెనిమిది వందలు ఎక్కడి నుంచి సర్దాలా అని ఇంకా చూసుకుంటున్నాను. ఇంత ధర న్యాయమని నేను అనను. పదహారు రోజుల బీడీలు ఇచ్చే అమ్మమ్మ లేని పిల్లలు గేటు బయటే ఉన్నారు, వాళ్ల కోసం ఊళ్లోకి వచ్చే పాటలు ఇప్పుడు తక్కువైపోయాయి. కానీ నా బిడ్డను వద్దని ఉంటే నేను బాపునే అయ్యేదాన్ని. మీ ఇంట్లో అయితే ఎవరు ఎంత వేసుకునేవాళ్లు?